రంగుల ముచ్చట: బుల్లి బొమ్మల మీద కొత్త ప్రయోగాలు

రాక్షసులు, మంత్రగత్తెలు, రెక్కల డ్రాగన్‌లు, కత్తి దూసిన యోధులు: బొటనవేలంత బొమ్మలకు రంగులు వేసే అలవాటు మన జిల్లాలకు కూడా పాకిందని కొంతకాలంగా ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాలే చెబుతున్నాయి. 1974లో పాత్రలు ధరించి ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట వెలువడిన తరువాత ఊహాలోకపు బొమ్మలకు గిరాకీ పెరిగింది. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం 28 నుంచి 32 మిల్లీమీటర్ల కొలతవి. ఉత్తరాలన్నింటిలోనూ దాదాపు ఒకే ఫిర్యాదు ఉంది. వీడియోలో చూసినప్పుడు సులువుగా కనిపించిన పద్ధతి, ఇంట్లో కూర్చొని చేయబోతే చేతికి రాలేదట. పద్ధతి తప్పు కాకపోవచ్చు. చలిదేశంలో, మెత్తటి నీళ్లతో, తేమగాలిలో కుదిరిన కొలతలను మన వైశాఖపు ఎండలోకి, మన బోరునీళ్లలోకి ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చుకోవడం వల్లనే చాలా ప్రయోగాలు చెడిపోతున్నాయని నా అనుమానం. ఈసారి శీర్షికనంతా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: సార్, నడిచే చెట్టు రూపంలో ఉన్న రాక్షసుడి బొమ్మకు స్లాప్‌చాప్ పద్ధతిలో రంగులు వేశాను. నల్ల ప్రైమర్ (అడుగు పూత) కొట్టి, దాని మీద తెల్ల రంగుతో డ్రైబ్రష్ చేసి (దాదాపు తుడిచేసిన కుంచెతో మిట్టలకు మాత్రమే రంగు తాకించి), ఆ పైన గోధుమరంగు కాంట్రాస్ట్ పెయింట్ పూశాను. బెరడంతా సున్నం రాలుతున్న గోడలాగా పొడిపొడిగా ఉంది, నడుమ మరకలు కూడా పడ్డాయి. ఎక్కడ తప్పాను?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జవాబు: మీ ఉత్తరంలో రెండు వేర్వేరు తప్పులు ఉన్నాయి. పొడిపొడిగా రావడం డ్రైబ్రష్‌లో జరిగిన తప్పు, మరకలు కాంట్రాస్ట్ పూతలో జరిగిన తప్పు. రెంటినీ కలిపి ఆలోచిస్తే మందు దొరకదు.

డ్రైబ్రష్ అనే పేరు విని కుంచె ఎండుకట్టెలాగా ఉండాలని చాలామంది అనుకుంటారు. కుంచెలోని రంగునంతా టిష్యూ కాగితానికి తుడిచేస్తే, ఆ కాగితం రంగుతో పాటు తడిని కూడా పీల్చుకుంటుంది. మిగిలేది ఆరిపోయిన రంగు ధూళి మాత్రమే, అదే మీకు సున్నంలాగా కనిపిస్తున్నది. కుంచెను ముందుగా తడిగుడ్డ మీద ఒకసారి అద్దండి. కొద్దిగా రంగు తీసుకొని, నునుపు లేని చెక్కముక్క మీదనో అట్టముక్క మీదనో రుద్ది, చెక్క గరుకు అంచుల మీద మాత్రమే రంగు కనిపిస్తున్నదని తేలిన తరువాత బొమ్మ దగ్గరికి రండి. గట్టి వెంట్రుకల పాత కుంచె కంటే, ఫ్యాన్సీ షాపులో ముఖానికి పౌడరు అద్దుకోవడానికి అమ్మే గుండ్రటి మెత్తని బ్రష్ ఈ పనికి ఎంతో మేలు. దానితో అడ్డంగా గీకకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టుగా తిప్పాలి. నలుపు మీద నేరుగా తెలుపుకు పోకుండా, ముందు ముదురు బూడిదరంగును విస్తారంగా, తరువాత లేత బూడిదను కొంచెం తక్కువగా, చివరికి తెలుపును కొసల మీద మాత్రమే వేస్తే, పైన పూసే రంగుకు నీడ నుంచి వెలుగు దాకా మెట్లు ఏర్పడతాయి.

ఇక కాంట్రాస్ట్. బొమ్మల రంగులు అమ్మే సిటాడెల్ వారు 2019లో ఈ పేరుతో రంగులు విడుదల చేసిన తరువాత ఇతర కంపెనీలు కూడా ఇలాంటి రంగులు తెచ్చాయి. పల్లాల్లోకి జారి అక్కడ ముదురుగా, మిట్టల మీద పలుచగా నిలవడం వీటి గుణం. మామూలు నీళ్లు ఎక్కువగా కలిపితే ఆ గుణం చెడుతుంది. పలుచన చేయాలంటే వాటి కోసమే అమ్మే మీడియం వాడాలి. మరక పడటానికి అసలు కారణం, సగం ఆరిన పూత మీదికి కుంచె మళ్లీ వెళ్లడం. మన ఎండాకాలంలో ఆ సగం ఆరే ఘడియ చాలా తొందరగా వస్తుంది. బొమ్మనంతా ఒకేసారి పూయకుండా ఒక కొమ్మ, ఆ తరువాత మరో కొమ్మ, చివరికి మొండెం అంటూ విడివిడిగా ముగించండి. ఎక్కడైనా మడుగు కట్టినట్టు కనిపిస్తే, తడి పిండిన శుభ్రమైన కుంచె కొసను ఆనించి అప్పటికప్పుడే పీల్చేయండి. ఒక్క నిమిషం ఆలస్యమైతే వదిలేసి పూర్తిగా ఆరనివ్వడం మంచిది.

రంగు విషయంలో కూడా ఒక మాట చెప్పాలి. చెట్టు అనగానే గోధుమరంగు డబ్బా తీయడం అందరికీ అలవాటు. మీ ఊరి పక్కనే పిల్లలమర్రి ఉన్నది. ఒక సాయంత్రం వెళ్లి మానును దగ్గరగా చూడండి. అందులో గోధుమరంగు ఎంత తక్కువో, బూడిదరంగు ఎంత ఎక్కువో తెలుస్తుంది. మాను మడతల్లో మట్టిరంగు, ఎండ తగిలే చోట దాదాపు వెండిలాంటి బూడిద, నీడపట్టున పాకురు పచ్చ, లేత ఊడల కొసల్లో మానుకు లేని లేతదనం కనిపిస్తాయి. మీ రాక్షసుడికి గోధుమరంగు కాంట్రాస్ట్‌ను మడతల్లో మాత్రమే వేసి, మిట్టలను డ్రైబ్రష్ బూడిదతోనే వదిలేస్తే పని సగం తగ్గుతుంది, చెట్టు నిజమైన చెట్టులా ఉంటుంది.

ప్రశ్న: పలుచని పూతలు ఒకదాని మీద ఒకటి వేసి రంగులను కలిపే గ్లేజింగ్ నేర్చుకుంటున్నాను. ప్యాలెట్ మీద వేసిన రంగు రెండు నిమిషాల్లో గడ్డకడుతోంది. కష్టపడి వేసిన పూత ఆరిన తరువాత దాని మీద తెల్లటి చుక్కలు కనబడుతున్నాయి. రంగులు నకిలీవేమో?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: రంగులను అనుమానించే ముందు ఫ్యానును, నీళ్లను అనుమానించండి. తిరుగుతున్న సీలింగ్ ఫ్యాను కింద, నలభై డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, పింగాణీ పళ్లెంలో నీళ్లతో కలిపే ఆక్రిలిక్ రంగు చుక్క నిలవదు. తడి ప్యాలెట్ దీనికి విరుగుడు. దానిని కొనవలసిన పని కూడా లేదు. స్వీట్ల దుకాణంలో ఇచ్చే మూత ఉన్న చదునైన ప్లాస్టిక్ డబ్బాలో పలుచని స్పాంజి పరిచి, అది నిండుగా తడిసేంత నీళ్లు పోసి, దాని మీద బేకింగ్ పేపర్ ముక్క పరచండి. కాగితం అడుగు నుంచి తడి నెమ్మదిగా పైకి వస్తూ రంగును ఆరనివ్వదు. ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కిరాణా దుకాణంలో బటర్ పేపర్ అని ఇచ్చే కాగితాల్లో కొన్నింటికి మైనం పూత ఉంటుంది, దాని గుండా తడి రాదు. తెచ్చిన కాగితం కింద తడి స్పాంజి పెట్టి పది నిమిషాల తరువాత వేలితో తాకి చూస్తే సంగతి తెలిసిపోతుంది. నీళ్లను రెండు మూడు రోజులకొకసారి మార్చకపోతే ఈ ఎండలకు బూజు వాసన వస్తుంది. మెరుపు రంగులను మాత్రం ఈ ప్యాలెట్ మీద వేయకండి. అందులోని లోహపు రేకులు తడిలో విడిపోయి పక్క రంగుల్లోకి ఈదుతాయి, ఆ తరువాత మీ మంత్రగత్తె బుగ్గ మీద తళుకులు తేలుతాయి.

తెల్లటి చుక్కలు బోరునీళ్ల పని. స్టీలు గ్లాసు తుడవకుండా ఆరబెడితే అడుగున తెల్లని వలయం మిగులుతుంది కదా, అదే ఉప్పు మీ పూతలోనూ మిగులుతున్నది. చిక్కని రంగులో అది కనబడదు. ఒక వంతు రంగుకు ఐదారు వంతుల నీళ్లు పట్టే గ్లేజ్‌లో, ముఖ్యంగా నలుపు, ముదురు నీలం మీద, స్పష్టంగా బయటపడుతుంది. నల్లగొండ పద్ధతి అంటే పటిక, సున్నం కలిపి నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తీసే విధానమని దేశమంతటా తెలుసు కానీ, మన బొమ్మల బాధ ఫ్లోరైడ్‌తో కాదు, నీళ్ల కఠినత్వంతో. దీనికి పటిక పనికిరాదు. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుంటే నెలల తరబడి వస్తుంది. కుంచె కడగడానికి బోరునీళ్లు చాలు, రంగులో కలపడానికి మాత్రం ఆ సీసా వాడండి.

గ్లేజ్ వేసేటప్పుడు రంగు తీసుకున్న కుంచెను ముందు టిష్యూకు ఆనించి, తరువాతే బొమ్మ మీద పెట్టాలి. కుంచె ఎక్కడ ఆగుతుందో అక్కడే రంగు ఎక్కువగా దిగుతుంది, కాబట్టి నీడ కావలసిన వైపు ముగిసేలా లాగాలి. ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్‌ను రంగులో ఒక చుక్క కలుపుకోవచ్చు, ఎక్కువైతే పూత రోజుల తరబడి జిగటగా ఉంటుంది.

ప్రశ్న: పలుచని ఆయిల్ రంగును గీతల్లోకి దిగేలా పూసే ఆయిల్ వాష్ ప్రయత్నించాను. హార్డ్‌వేర్ దుకాణంలో కొన్న థిన్నర్‌లో నల్ల ఆయిల్ రంగు కలిపి ఒక గుర్రపు రౌతు బొమ్మ మీద పూశాను. రెండు వారాలు కూర్చొని వేసిన రంగులన్నీ కరిగి బురదయ్యాయి, ప్లాస్టిక్ ఈటె కూడా మెత్తబడి వంగిపోయింది. ఈ పద్ధతి మీద నమ్మకం పోయింది.
– ఒక పాఠకుడు, వనపర్తి

జవాబు: మీ రౌతుకు నా సానుభూతి. నేను కూడా ఒకప్పుడు ఇదే పని చేసి ఒక గుడ్లగూబ బొమ్మను పోగొట్టుకున్నాను. దుకాణదారుడి తప్పు ఏమీ లేదు, నేను అడిగినదే అతను ఇచ్చాడు. థిన్నర్ అని అడిగితే మన దగ్గర సాధారణంగా ఇచ్చేది కార్లకు, చెక్క సామానుకు కొట్టే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగుల థిన్నర్. అది ఆక్రిలిక్ పూతను, ప్లాస్టిక్‌ను రెండింటినీ తినేస్తుంది. ఆయిల్ వాష్‌కు కావలసింది మినరల్ టర్పెంటైన్, వీలైతే బొమ్మలు వేసేవారి సామాన్ల దుకాణంలో దొరికే వాసన తక్కువ రకం.

పద్ధతి మీద నమ్మకం వదులుకోకండి, ఎందుకంటే నాకు తెలిసిన కొత్త ప్రయోగాల్లో తప్పు దిద్దుకోవడానికి ఇంత వ్యవధి ఇచ్చేది మరొకటి లేదు. ఆక్రిలిక్ వాష్ మన ఎండకు క్షణాల్లో ఆరి అంచులు కడుతుంది. ఆయిల్ మాత్రం గంటలకొద్దీ తడిగానే ఉండి, అక్కర లేని చోట తుడిచేయడానికి లొంగుతుంది. ఆక్రిలిక్ రంగులు పూర్తయిన బొమ్మకు నిగనిగలాడే గ్లాసీ వార్నిష్ ఒక పూత వేసి ఒక రోజంతా ఆరనివ్వండి. ఆ వార్నిష్ కింది రంగులకు కవచం, పైగా దాని నునుపు మీద వాష్ జర్రున జారి గీతల్లోకి చేరుతుంది. ట్యూబులోని ఆయిల్ రంగును గంటసేపు అట్టముక్క మీద ఉంచితే అదనపు నూనెను అట్ట పీల్చుకుంటుంది. అప్పుడు టర్పెంటైన్ కలిపి పలుచటి టీ డికాక్షన్ లాగా చేసుకోండి. నలుపు కంటే ముదురు గోధుమరంగు బర్న్ట్ అంబర్ చర్మానికి, తోలుకు, ఇనుముకు కూడా నప్పుతుంది. పూసిన తరువాత పావుగంట, అరగంట ఆగి, పొడి మేకప్ స్పాంజితో మిట్టలను పైనుంచి కిందికి తుడవండి. వాన కారిన దిక్కునే మురికి చార కూడా కారుతుంది కాబట్టి తుడిచే దిక్కు ముఖ్యం. బాగా ఆరడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆ తరువాతే మెరుపు లేని మ్యాట్ వార్నిష్ వేయాలి.

కిటికీలు తెరిచిన గదిలో, స్టవ్వుకు దూరంగా పని చేయండి. ఆయిల్ రంగు, నూనె అంటిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకండి, వాటిలో తమంతట తామే వేడి పుట్టి అంటుకునే ప్రమాదం ఉంది. విడదీసి ఆరబెట్టి, నీళ్లలో తడిపి పారవేయాలి.

ప్రశ్న: చేతిలో లాంతరు పట్టుకున్న మాంత్రికుడి బొమ్మ ఉన్నది. లాంతరు వెలుగు అతని ముఖం మీద, అంగీ మీద పడినట్టుగా వేయాలని మూడుసార్లు ప్రయత్నించాను. మూడుసార్లూ పసుపు చల్లినట్టుగా ఉంది తప్ప వెలుగులా లేదు.
– ఒక పాఠకురాలు, నల్లగొండ

జవాబు: వెలుగు పుట్టే చోటును బొమ్మలోనే చూపించే ఈ పద్ధతిని ఆబ్జెక్ట్ సోర్స్ లైటింగ్ అంటారు. ఇందులో తప్పటడుగు వేయనివారు నాకు ఇంతవరకు కనబడలేదు. కారణం ఒక్కటే, పసుపురంగు వేయడం మీద శ్రద్ధ పెట్టి, చీకటి వేయడం మరచిపోతాం. పట్టపగలు వెలిగించిన లాంతరును ఎవరు గమనిస్తారు? మీ మాంత్రికుడి అంగీ లేత నీలమైతే, దాని మీద ఎంత పసుపు పూసినా అది మరక మాత్రమే అవుతుంది. ముందుగా బొమ్మనంతా రాత్రిలోకి నెట్టండి, అంగీని ముదురు నీలం, నలుపు గ్లేజ్‌లతో ఇప్పుడున్న దానికంటే రెండు మెట్లు దించండి.

మీరు పానగల్లు పక్కనే ఉన్నారు కాబట్టి ఒక పని చెబుతాను. ఛాయా సోమేశ్వరాలయంలో గర్భగుడిలోని శివలింగం మీద పగలంతా నిలకడగా ఉండే నీడను మీరు చూసే ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు నీడను కాకుండా దాని అంచులను చూడండి. బయట ఎండలో మన నీడకు ఉండే కత్తిరించినట్టుండే అంచు అక్కడ ఉండదు. సూర్యకిరణం నేరుగా పడకుండా, చెదిరిన వెలుగు పక్కల నుంచి వస్తే నీడ ఎంత మెత్తబడుతుందో అక్కడ గంటసేపు నిలబడి నేర్చుకోవచ్చు. లాంతరు వెలుగు దీనికి పూర్తిగా ఎదురు. అది చిన్నది, దగ్గరగా ఉన్నది, ఒకే దిక్కున ఉన్నది. కాబట్టి దాని నీడల అంచులు గట్టిగా ఉంటాయి, వెలుగు కూడా దూరంతో వేగంగా పడిపోతుంది. దూరం రెండింతలైతే వెలుగు నాలుగో వంతుకు తగ్గుతుంది. లాంతరు పక్కన ఉన్న బొటనవేలు దాదాపు తెలుపుకు చేరాలి, మోచేయి దగ్గర నారింజ చాయ మాత్రమే ఉండాలి, భుజం దాటిన తరువాత ఏమీ ఉండకూడదు. మీరు పంపిన ఫొటోలో చెప్పుల మీద కూడా పసుపు కనిపిస్తున్నది, అది తీసేయండి.

ఎక్కడ వేయాలో ఊహించనవసరం లేదు. ప్రైమర్ మాత్రమే కొట్టిన బొమ్మను చీకటి గదిలో పెట్టి, లాంతరు ఉన్నచోట సన్నని ఎల్‌ఈడీ బల్బు నిలిపి ఫోనుతో ఫొటో తీసుకోండి. కరెంటు పోయిన రాత్రులు ఈ పనికి దివ్యంగా ఉంటాయి. ఫొటోలో వెలిగిన అంచులే మీరు రంగు వేయవలసిన అంచులు. మడత వెనుక ముడుచుకొని లాంతరు ముఖం చూడని తావులన్నీ చీకటిలోనే ఉండాలి. వేసే వరుస కూడా చెబుతాను. ముందు ముదురు ఎరుపు గోధుమను విస్తారంగా, తరువాత నారింజను దాని లోపల, ఆ లోపల పసుపును, చివరికి తెలుపు కలిసిన పసుపును లాంతరుకు ఆనుకొని ఉన్న అంచుల మీద చుక్కగా వేయాలి. బొమ్మ మొత్తంలో అన్నిటికంటే తెల్లనిది లాంతరు గాజు లోపలి మంటే కావాలి. ముక్కు కొస దానికంటే తెల్లగా ఉంటే కళ్లు మోసపోవు.

మంట వేసేటప్పుడు కొసను తెల్లగా, మొదలును ఎర్రగా వేసే అలవాటు చాలామందికి ఉంది. ఇంట్లో దీపం వెలిగించి చూస్తే నడుమ భాగం ఎంత లేతగా మెరుస్తున్నదో, కొసకు పోయేకొద్దీ ఎలా ఎర్రబారుతుందో తెలుస్తుంది.

ప్రశ్న: మెరుపు రంగు వాడకుండానే బంగారు కవచం వేసే పద్ధతి నేర్చుకోవాలని ఉంది. ఎంత చేసినా పసుపు కవచమే వస్తున్నది కానీ బంగారు కవచం రావడం లేదు.
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: బంగారంలో పసుపు చాలా తక్కువ. గద్వాలలో ఉండి జరీ కొంగును గమనించకపోతే ఎలా? చీరను కిటికీ దగ్గర మడత పడేలా వేలాడదీసి, కళ్లు సగం మూసి చూడండి. మడత మిట్ట మీద ఒక సన్నని గీత తెల్లగా మెరుస్తుంది, దాని పక్కనే, మధ్యలో మెట్లేవీ లేకుండా, దాదాపు నల్లటి గోధుమ ఉంటుంది. మీరు ఒక అడుగు పక్కకు జరిగితే ఆ మెరుపు కూడా జరుగుతుంది. లోహానికి, బట్టకు ఉన్న తేడా ఇదే. బట్ట మీద వెలుగు నెమ్మదిగా నీడలోకి దిగుతుంది, లోహం మీద వెలుగు, చీకటి పక్కపక్కనే ఉంటాయి.

కాబట్టి కవచం మీద నాలుగు రంగులే వాడండి: నలుపు కలిసిన గోధుమ, మట్టి పసుపు, పసుపు, దంతపు తెలుపు. సగానికి పైగా చోటు గోధుమకే ఇవ్వండి. బొమ్మను బల్లదీపం కింద ఏదో ఒక కోణంలో నిలిపి, నునుపైన మెరుపు రంగు పూసిన పాత బొమ్మనొకదాన్ని పక్కన పెట్టుకొని, వెలుగు ఎక్కడ పడుతున్నదో చూసి వేయండి. ఆ కోణాన్ని చివరిదాకా మార్చవద్దు. ఛాతీ మీద మెరుపు కుడివైపు ఉండి, మోకాలి మీద ఎడమవైపు ఉంటే బొమ్మ గందరగోళంగా కనిపిస్తుంది. ఇంకొక నిజం కూడా చెప్పాలి. ఈ పద్ధతిలో వేసిన కవచం ఫొటోలో ఒక దిక్కు నుంచి అద్భుతంగా ఉంటుంది, ఆట బల్ల మీద చుట్టూ తిప్పి చూసినప్పుడు అంత నమ్మించదు. ఆడుకోవడానికే అయితే నిజమైన మెరుపు రంగు వేసి, దాని నీడలను గోధుమ గ్లేజ్‌తో చంపి, అంచులకు వెండి ముట్టిస్తే చాలునని నా అభిప్రాయం.

ప్రశ్న: స్ప్రే ప్రైమర్ ఒకసారి ఇసుక చల్లినట్టుగా, ఇంకోసారి బూడిద పట్టినట్టుగా వస్తున్నది. డబ్బా ఒక్కటే.
– ఒక పాఠకుడు, సూర్యాపేట

జవాబు: మొదటిది మే నెలలో, రెండవది వానల్లో కొట్టి ఉంటారు. ఎండ తీవ్రంగా ఉన్నప్పుడు రంగు బొమ్మను చేరకముందే గాలిలో ఆరిపోయి ఇసుకలా పడుతుంది. తేమ ఎక్కువైతే, ముఖ్యంగా వార్నిష్ స్ప్రేలలో, తెల్లని మంచు పడుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే ఎండ ఎక్కకముందు, ఒక జానెడు దూరం నుంచి, ఒక్కో చోట ఒక్క క్షణం మించకుండా కొట్టండి. ముసురు పట్టిన రోజుల్లో డబ్బా ముట్టకుండా కుంచెతో పూసే ప్రైమర్ వాడండి. అది పట్టడానికి రెండు పలుచని పూతలు చాలు.

ప్రశ్న: త్రీడీ ప్రింటర్‌లో తీసిన రెజిన్ (వెలుగు తగిలితే గట్టిపడే ద్రవం) బొమ్మ జిగటగా ఉంది, దాని మీద ఏ రంగూ నిలవడం లేదు.
– ఒక పాఠకుడు, కల్వకుర్తి

జవాబు: ఆ బొమ్మ ఇంకా పచ్చిగా ఉంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో మళ్లీ కడిగి, పూర్తిగా ఆరిన తరువాత అతినీలలోహిత దీపం కింద తిప్పుతూ గట్టిపడనివ్వండి. పచ్చి రెజిన్‌ను చేతి తొడుగులు లేకుండా తాకకూడదు, రాపిడి ధూళిని పీల్చకూడదు. కడిగిన ద్రవాన్ని మోరీలో పోయకండి. జిగట వదలనిదే కొత్త పద్ధతుల జోలికి పోకండి.

ప్రశ్న: బొమ్మ నిలబడే పీఠం మీద కొనుక్కొచ్చిన గడ్డి, గులకరాళ్లకు బదులుగా మన మట్టినే వాడి ప్రయోగాలు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: నిరభ్యంతరంగా చేయవచ్చు, అయితే చల్క మట్టి ఒక రకంగా, రేగడి మట్టి మరో రకంగా పనికొస్తాయి. చల్క మట్టిని టీ జల్లెడతో జల్లించి, పురుగు, గుడ్డు ఏవీ మిగలకుండా పాత పెనం మీద బాగా వేయించి, పీఠానికి ఫెవికాల్ పూసి దాని మీద చల్లండి. ఆరిన తరువాత చూస్తే మీకు నిరాశ కలుగుతుంది, ఎందుకంటే జిగురు తడికి మట్టి రంగు ముదిరి, ఇటుకపొడిలా ఉన్నది కాస్తా పాత రక్తంలా కనిపిస్తుంది. మట్టిని మట్టి రంగుతోనే మళ్లీ వేయవలసి రావడం వింతే కానీ తప్పదు. ఎర్ర గోధుమ పూసి, నారింజ కలిసిన లేత రంగుతో డ్రైబ్రష్ చేస్తే, దేవరకొండ గుట్ట కింది నేల తిరిగి వస్తుంది.

రేగడితో చేయవలసింది ఇంకా సరదా అయిన ప్రయోగం. ఎండాకాలంలో చెరువు అడుగు పెచ్చులు పెచ్చులుగా పగలడం మీరు చూసినదే. ఆ మట్టి తడిసినప్పుడు ఉబ్బి, ఆరినప్పుడు కుంచించుకుపోవడమే దానికి కారణం. మెత్తగా జల్లించిన రేగడిని నీళ్లతో దోసెపిండిలా కలిపి పీఠం మీద పలుచగా పూసి నీడలో ఆరనిస్తే, అవే పగుళ్లు చిన్న కొలతలో వస్తాయి. పూత ఎంత పలుచగా ఉంటే పెచ్చులు అంత చిన్నవిగా ఉంటాయి. 32 మిల్లీమీటర్ల యోధుడి పాదం కంటే పెచ్చు చాలా పెద్దదైతే చెరువు కాస్తా బండలబాటలా కనిపిస్తుంది, కాబట్టి ఒకటిన్నర మిల్లీమీటరు మందం దాటనివ్వకండి. మట్టిలో ముందే జిగురు ఎక్కువగా కలిపితే పగులదు, అసలు కలపకపోతే గోరు తగిలినా రాలిపోతుంది. నేను చేసేది ఏమిటంటే, జిగురు లేకుండానే పగలనిచ్చి, పూర్తిగా ఆరిన తరువాత ఒక వంతు ఫెవికాల్‌కు నాలుగు వంతుల నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి, డ్రాపర్‌తో పగుళ్లలోకి బొట్టుబొట్టుగా దింపుతాను. సబ్బు వల్ల ఆ ద్రవం మట్టి మీద బంతిలా నిలవకుండా లోపలికి ఇంకిపోతుంది. మొదటి పీఠం మీద పగుళ్లు అంచు నుంచి లేచిపోతే కంగారు పడకండి, పూసే ముందు ప్లాస్టిక్ పీఠాన్ని గరుకు కాగితంతో రుద్దడం మరచిపోయారన్నమాట.